మడపొల్లం నుంచి జాకెట్టు దాకా: ఆడవాళ్ల బట్టల పేర్లు చెప్పే తెలుగు తీరం చరిత్ర

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పక్కనే, వశిష్ఠ గోదావరి ఒడ్డున మాధవాయిపాలెం ఉంది. అక్కడి రేవులో పంటు ఎక్కితే ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి. ఈ చిన్న ఊరి పేరు ఇంగ్లిష్ నిఘంటువుల్లో ‘మడపొల్లం’ అనే రూపంలో కనిపిస్తుంది. ఫ్రెంచ్, స్పానిష్, రష్యన్ భాషల్లోనూ కొద్ది మార్పులతో ఈ మాట ఉంది. అయితే ఆ నిఘంటువులు చెప్పే అర్థం ఊరు కాదు. మెత్తగా, తెల్లగా, చిక్కటి నేతతో ఉండే ఒక రకం నూలు గుడ్డ. 19వ శతాబ్దపు యూరప్‌లో స్త్రీల లోదుస్తులు, రాత్రిపూట వేసుకునే గౌన్లు, పసిపిల్లల బట్టలు ఈ గుడ్డతో కుట్టేవారు.

ఇప్పుడు ఇంగ్లిష్ మాట్లాడేవారిలో ఆ మాట తెలిసినవారు అరుదు. బట్టల చరిత్ర చదివేవారికి, జౌళి వ్యాపారంలో ఉన్న కొందరికి తప్ప అది పాతబడిపోయింది. ఇటువైపు చూస్తే ఇంకో చిత్రం. ఇంగ్లిష్‌లో అర్థం మారిపోయిన, వాడుక తగ్గిన కొన్ని మాటలు తెలుగు ఇళ్లలో నిత్యం వినిపిస్తాయి. జాకెట్టు, బాడీ, గౌను, పెట్టీకోటు అలాంటివే. ఈ రెండు రకాల మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మూడున్నర శతాబ్దాల పాటు తెలుగు తీరానికీ ఇంగ్లండుకూ మధ్య సాగిన బట్టల వ్యాపారం ఎవరి పేరు నిలబెట్టిందో, ఎవరి పేరు చెరిపేసిందో తెలుస్తుంది.

ఊరి పేరు గుడ్డ పేరైంది

ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ వాళ్లు తెలుగు తీరంలో మచిలీపట్నానికి వచ్చింది 1611లో. అప్పటికే డచ్చివాళ్లు అక్కడ వ్యాపారం చేస్తున్నారు. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న ఆ రేవు నుంచి ముఖ్యంగా ఎగుమతయ్యేవి నూలుబట్టలే. మొదట్లో వాటి గమ్యం ఆగ్నేయాసియా. జావా, సుమత్రా దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివారు వెండి కంటే కోరమాండల్ బట్టలకే మొగ్గు చూపేవారు. తర్వాత ఆ బట్టలే యూరప్ ఆడవాళ్ల మనసు దోచుకున్నాయి.

కంపెనీ వ్యాపారం మచిలీపట్నం నుంచి ఉత్తరంగా గోదావరి డెల్టాలోకి పాకింది. 1886లో హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ ప్రచురించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు మడపొల్లం మాటకు మూలం మాధవాయిపాలెమేనని చెబుతుంది. డెల్టాలో కంపెనీకి మూడు వాణిజ్య ఏజెన్సీలు ఉండేవనీ, వాటిలో ఇది ముఖ్యమైనదనీ, మిగతా రెండూ బండమూర్లంక, ఇంజరం అనీ వివరిస్తుంది. ఆ ఏజెన్సీ 1833 వరకు నడిచిందని రాస్తూ, 1827లోనే మూతపడిందనే మరో లెక్కనూ ఇస్తుంది.

ఏజెన్సీ పద్ధతి ఇలా ఉండేది. కంపెనీ మధ్యవర్తుల ద్వారా నేతగాళ్లకు ముందుగా డబ్బు ఇచ్చేది. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత సన్నం అనేది ముందే తేల్చేది. నేసిన తానులు ఏజెన్సీకి చేరాక నాణ్యత చూసి తరగతులుగా విడదీసి, చలువ చేయించి, మూటలు కట్టి ఓడకు ఎక్కించేవారు. చుట్టుపక్కల పదుల ఊళ్లలో నేసిన గుడ్డ మాధవాయిపాలెంలో మూటయ్యేది కాబట్టి లండన్ వేలంలో దానికి ఆ పేరే స్థిరపడింది.

ఇదే నిఘంటువులో ఇంకో వాక్యం ఉంది. 1886 నాటికి మడపొల్లం ఇంగ్లండు నుంచి ఇండియాకు దిగుమతయ్యే ముఖ్యమైన సరుకుల్లో ఒకటని, కాలికోకూ మస్లిన్‌కూ మధ్యరకం తెల్లగుడ్డ అని అది చెబుతుంది. అంటే గోదావరి ఒడ్డు ఊరి పేరు పెట్టుకున్న గుడ్డను లాంకషైర్ మిల్లుల్లో నేసి, తిరిగి భారతదేశంలో అమ్మారు. 1813లో కంపెనీకి భారత వ్యాపారంపై ఉన్న గుత్తాధిపత్యం పోయింది. 1833 చార్టర్ చట్టంతో వ్యాపారం నుంచే అది తప్పుకుంది. ఈలోగా యంత్రాలమీద తీసిన నూలు, మరమగ్గం మీద నేసిన గుడ్డ చౌకగా వచ్చిపడ్డాయి. గుడ్డ వెళ్లిపోయింది, పేరు మాత్రం ఓడల మీద తిరుగుతూనే ఉంది.

పుంజం, లాంగ్‌క్లాత్, బెతిల్లా

కంపెనీ సరుకు పట్టీల్లో తెలుగు నేతగాళ్ల మాటలు మరికొన్ని కనిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనది పుంజం. పడుగులో 120 పోగులను ఒక పుంజంగా లెక్కించేవారు. 14 పుంజాల గుడ్డ అంటే పడుగులో 1,680 పోగులు. వెడల్పు ఒకటే అయినప్పుడు పుంజాలు పెరిగేకొద్దీ నూలు సన్నబడాలి, నేత చిక్కబడాలి, ధర పెరగాలి. నేతగాడి లెక్కకు సంబంధించిన ఈ మాటను కంపెనీ వాళ్లు గుడ్డ పేరుగా చేసుకుని ‘పంజమ్స్’ అని రాసుకున్నారు.

లాంగ్‌క్లాత్ కథ ఇంకోలా ఉంటుంది. మామూలు తానుల కంటే పొడవుగా నేసే కోరమాండల్ తెల్లగుడ్డకు ఇంగ్లిష్ వర్తకులు పెట్టిన పేరది. తర్వాత లాంకషైర్ గుడ్డకూ అదే పేరు అంటుకుంది. ఇప్పుడు తెలుగు ఊళ్లలోని బట్టల దుకాణాల్లో లోపలి లంగాలకు, దిండు గలీబులకు అడిగే ‘లాంగ్‌క్లాతు’ ఈ మాటే. ఇక్కడి గుడ్డకు వాళ్లు పెట్టిన పేరును, వాళ్ల గుడ్డతో పాటు మళ్లీ మనవాళ్లు తీసుకున్నారు.

గోల్కొండ రాజ్యం నుంచి వెళ్లిన సన్నని మస్లిన్లను ‘బెతిల్లా’ అనేవారు. ఇది పోర్చుగీసు మాట. తలమీద వేసుకునే ముసుగు బట్ట అని అర్థం. క్రైస్తవ సన్యాసినులు కప్పుకునే ముసుగుతో దానికి సంబంధం ఉందని భావిస్తారు. ఇలా ఎక్కడో ఆడవాళ్ల తలగుడ్డ పేరు ఇక్కడి నేతకు వచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. మస్లిన్ అనే మాట మచిలీపట్నం నుంచి పుట్టిందని తరచూ వింటుంటాం. ఉచ్చారణ దగ్గరగా ఉండటం వల్ల వచ్చిన ఊహ అది. నిఘంటుకారులు ఆ మాటను ఇరాక్‌లోని మోసుల్ నగరంతో ముడిపెడతారు. మచిలీపట్నానికి ఆ ఘనత అక్కర్లేదు. చేతి అద్దకం, కలంకారీ బట్టలతో దాని కీర్తి దానికి ఉంది. కృష్ణా డెల్టాలో పండే చిరివేరుతో వేసే ఎరుపు రంగు ఉతికేకొద్దీ నిగారించేదని విదేశీ వర్తకులు ఆశ్చర్యపోయారు. ఇప్పటి నిజాంపట్నం, అంటే ఆనాటి పెటపోలి, ఆ ఎరుపుకు పేరుపడింది.

లండన్ వీధుల్లో ‘కాలికో మేడమ్’

ఇలా అద్దిన బట్టలను ఇంగ్లిష్‌లో ‘చింట్జ్’ అన్నారు. చుక్క అనే అర్థమున్న హిందీ ‘ఛీంట్’ దానికి మూలం. తెల్లదైనా అద్దినదైనా మామూలు నూలుగుడ్డను కాలికో అన్నారు. కేరళలోని కాలికట్ రేవు పేరు అది. మొదట్లో ఇవి గోడలకు, మంచాలకు వాడే బట్టలు. ప్రసిద్ధ దినచర్య రచయిత శామ్యూల్ పీప్స్ 1663లో తన భార్య గదికి ఒక చింట్జ్ కొన్నట్టు రాసుకున్నాడు. శతాబ్దం చివరికి ఇవి ఇంటి గోడల నుంచి ఆడవాళ్ల ఒంటిమీదికి వచ్చాయి. తేలిక, మెరుపు, ఉతికితే పోని రంగు. ఉన్ని, పట్టు బట్టలకు ఈ మూడూ ఒకేసారి లేవు. పైగా ధర తక్కువ. యజమానురాలూ పనిమనిషీ ఒకేరకం గౌను వేసుకోగలిగారు. అది కూడా కొందరికి కంటగింపయింది.

ఉన్ని, పట్టు నేతగాళ్ల ఒత్తిడితో ఇంగ్లండు పార్లమెంటు 1700లో రంగులద్దిన భారతీయ బట్టల దిగుమతిని నిషేధించే చట్టం చేసింది. తెల్లగుడ్డ తెచ్చుకుని లండన్‌లోనే అద్దుకోవడం మొదలుపెట్టడంతో ఆ చట్టం పనిచేయలేదు. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లోని పట్టు నేతగాళ్లు వీధుల్లోకి వచ్చారు. కాలికో గౌను వేసుకున్న ఆడవాళ్లు కనబడితే వెంటపడ్డారు. బట్టలు చింపారు. సిరా, ఆమ్లం చల్లారు. అలాంటి గౌను వేసుకున్న ఆడదాన్ని వెక్కిరించడానికి ‘కాలికో మేడమ్’ అనే మాట ఆ రోజుల్లో పుట్టింది. కరపత్రాల్లో, వీధి పాటల్లో అది చెలామణీ అయింది. రాబిన్సన్ క్రూసో రాసిన డేనియల్ డిఫో కూడా కాలికోకు వ్యతిరేకంగా కలం పట్టినవాడే.

1721లో రెండో చట్టం వచ్చింది. ఈసారి అద్దిన నూలుబట్టను ధరించడమే నేరం. కట్టుకున్నవారికి 5 పౌన్ల జరిమానా, అమ్మినవారికి 20 పౌన్లు. ఆ నిషేధాన్ని 1774లో ఎత్తేసేనాటికి ఇంగ్లండు తన సొంత నూలుబట్టల పరిశ్రమను నిలబెట్టుకుంది.

నేతగాళ్ల కోపానికి కారణం వాళ్ల బతుకుతెరువు. దెబ్బ మాత్రం పడింది ఆడవాళ్ల ఒంటిమీద. దిగుమతి చేసిన కంపెనీ మీదా, లాభం తిన్న వాటాదారుల మీదా ఎవరూ సిరా చల్లలేదు. విచిత్రం ఏమిటంటే దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత, 18వ శతాబ్దం చివరలో, గోదావరి ప్రాంతపు నేతగాళ్లు కంపెనీ కట్టుబాట్లకు ఎదురు తిరిగారు. ఉత్తర కోరమాండల్ నేతగాళ్లపై పి. స్వర్ణలత చేసిన పరిశోధన ఆ నిరసనలను వివరంగా నమోదు చేసింది. ఒకే గుడ్డ, ఒకే కంపెనీ, రెండు ఖండాల్లో నష్టపోయిన రెండు నేతకార సమూహాలు.

చట్టం లేని చోట కోరమాండల్ అద్దకం ఆడవాళ్ల సంప్రదాయ దుస్తుల్లో కలిసిపోయింది. నెదర్లాండ్స్‌లోని హిండలోపెన్ అనే రేవు పట్టణంలో స్త్రీలు వేసుకునే ‘వెంట్కె’ అనే పొడవాటి కోటును ఈ చింట్జ్‌తోనే కుట్టేవారు. చీరాల పరిసరాల్లో నేసిన గళ్ల రుమాళ్లు ‘మద్రాసు రుమాలు’ పేరుతో పశ్చిమాఫ్రికాకు వెళ్లాయి. నైజీరియాలోని కలబారి స్త్రీలు వాటిని నడుముకు చుట్టుకునే పండగ బట్టగా చేసుకున్నారు. ఇక్కడా పేరు రేవుదే. చీరాల పేరు ఎక్కడా లేదు. కాలికట్, మద్రాసు, మాధవాయిపాలెం... మూట ఎక్కడ ఓడెక్కితే గుడ్డకు ఆ ఊరి పేరు.

వడికిన చెయ్యి

గుడ్డ పేరులో రేవు ఉంది. అప్పుడప్పుడు నేతగాడి లెక్క ఉంది. నూలు వడికిన మనిషి మాత్రం లేదు. రాట్నం మీద వడికే రోజుల్లో ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే ఒకరికి మించి వడకాల్సి వచ్చేది. వాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. తెలుగులో నేతపని చేసేవారికి సాలె, దేవాంగ వంటి పేర్లు కులాలుగా స్థిరపడ్డాయి. వడకడం ఏ ఒక్క కులానిదీ కాదు. పొలంపని, వంటపని మధ్య దొరికిన వేళ చేసే పని. దిక్కులేని వితంతువులకు నాలుగు డబ్బులు తెచ్చే పని. అందుకే వడికే స్త్రీకి వాడుకలో ప్రత్యేకమైన పేరంటూ స్థిరపడలేదు.

ఇంగ్లిష్‌లో పేరు ఏర్పడింది, కానీ దాని గతి మరోలా అయింది. ‘స్పిన్‌స్టర్’ అంటే మొదట నూలు వడికే మనిషి. వృత్తి పేరు. వడికి బతికేవారిలో పెళ్లికాని ఆడవాళ్లు ఎక్కువ కావడంతో 17వ శతాబ్దం నాటికి అది చట్టపరమైన కాగితాల్లో అవివాహిత అనే అర్థంలో వచ్చింది. తర్వాత వయసు మీరినా పెళ్లికాని స్త్రీ అనే ఎగతాళి చేరింది. యంత్రాలు వచ్చి వడికే పని పోయింది, ఎగతాళి మాత్రం మిగిలింది. ఇంగ్లండు వివాహ రిజిస్టర్ల నుంచి ఈ మాటను తీసేసింది 2005లో. వడికేటప్పుడు ఉన్ని చుట్టి పట్టుకునే కర్రను ‘డిస్టాఫ్’ అంటారు. దాని పేరుతోనే తల్లివైపు చుట్టరికాన్ని ‘డిస్టాఫ్ సైడ్’ అనేవారు. ఆడవాళ్ల పనిముట్టు ఆడవాళ్లకే గుర్తయింది.

అలాంటి పని ఇంకా కళ్లకు కనబడే చోటు శ్రీకాకుళం జిల్లా పొందూరు. అక్కడి సన్నఖద్దరు కోసం ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసి, రాట్నం మీద వడుకుతారు. ఆ ఖద్దరు పేరులోనూ ఉన్నది ఊరే.

రవిక పోయి జాకెట్టు

ఇప్పుడు ఇటువైపు వచ్చిన మాటల సంగతి. పైభాగాన వేసుకునే కుట్టుబట్టకు పాత తెలుగులో కుప్పసం, కంచుకం అనే మాటలున్నాయి. కావ్యాల్లో తప్ప ఇప్పుడవి వినబడవు. వాడుకలో నిలిచింది రవిక. ఇంగ్లిష్ వాళ్ల రాకతో జాకెట్టు వచ్చింది. ప్రస్తుతం ఇంగ్లిష్‌లో జాకెట్ అంటే చలికి వేసుకునే కోటు. కానీ 18, 19 శతాబ్దాల్లో నడుము దాకా ఒంటికి అతికినట్టు కుట్టిన స్త్రీల పైదుస్తును కూడా అలా అనేవారు. వాళ్లు వదిలేసిన ఆ అర్థమే తెలుగు జాకెట్టులో బతికి ఉంది.

జాకెట్టు వచ్చాక రవిక పల్లెటూరి మాటైంది. ఇప్పుడు జాకెట్టుకూ అదే జరుగుతోంది. పట్నాల్లో, టైలర్ల బోర్డులమీద బ్లౌజు అనే మాటే ఎక్కువ. అయినా పాతమాట పూర్తిగా పోలేదు. పేరంటంలో పసుపు కుంకుమలతో పెట్టేది రవికలగుడ్డే. కొన్ని ఇళ్లలో జాకెట్టు ముక్క అంటారు. శుభకార్యం పాతమాటను కాపాడింది.

బాడీ ఇంకా ఆసక్తికరం. జాకెట్టు లోపల వేసుకునే దాన్ని పెద్దతరం తెలుగు స్త్రీలు బాడీ అంటారు. ఇంగ్లిష్ ‘బాడిస్’ ఇలా మారిందని అనుకోవచ్చు. అయితే ఆ బాడిస్ అనే మాటే ‘బాడీస్’ అనే బహువచనం నుంచి పుట్టింది. 16, 17 శతాబ్దాల్లో బిగుతుగా కట్టే స్త్రీల పైదుస్తును ‘ఒక జత బాడీలు’ అనేవారు. రెండు భాగాలు కలిపి జత. తెలుగువాళ్లు తెలియకుండానే ఆ మాటను దాని పాత రూపానికి చేర్చారు.

గౌను కూడా అంతే. ఇంగ్లిష్‌లో ఇప్పుడు అది పెళ్లికూతురికో, పట్టా పుచ్చుకునే విద్యార్థికో, ఆసుపత్రిలో రోగికో పరిమితం. ఒకప్పుడు మామూలు ఆడవాళ్లు రోజూ వేసుకునేది గౌనే. తెలుగులో చిన్నపిల్లలు రోజూ వేసుకునే దుస్తుగా అది నిలిచింది. పెట్టీకోటు అంటే అక్షరాలా చిన్నకోటు. మొదట మగవాళ్లు కోటు లోపల వేసుకునేది. తర్వాత ఆడవాళ్ల లంగాగా మారి, ఆపైన ఆడవాళ్లకే వెక్కిరింతగా మారింది. భార్య మాట చెల్లే ఇంటిని ‘పెట్టీకోటు ప్రభుత్వం’ అనేవారు. తెలుగులో కొంగుకు కూడా ఆ గతి పట్టింది. పెళ్లాం కొంగు పట్టుకు తిరిగేవాడు అన్నా, గాజులు తొడుక్కున్నావా అన్నా వెక్కిరింత మగవాడికే. కించపడేది మాత్రం ఆ బట్ట కట్టుకున్న మనిషి.

లోపలి బట్టలకు పరాయి మాట వాడటం వెనక బిడియం ఉంది. సొంతభాషలో చెప్పలేనిది పక్కభాషలో చెబితే కాస్త మరుగు. బాడీ పోయి బ్రా, అది కూడా అనలేక ‘ఇన్నర్స్’ అనడం ఇలా జరిగినదే. ఇంగ్లిష్ వాళ్లూ అదే చేశారు. స్త్రీల లోపలి చొక్కాను మొదట ‘స్మాక్’ అన్నారు. అది మోటుగా వినబడిందని ‘షిఫ్ట్’ అన్నారు. అదీ మోటైందని ఫ్రెంచ్ వారి నుంచి ‘షెమీజ్’ అరువు తెచ్చుకున్నారు. మాట ఎన్నిసార్లు మార్చినా బిడియం కొత్త మాటను కూడా అంటుకుంటూనే వచ్చింది.

అచ్చతెలుగు అనుకునే మాటలనూ ఒకసారి పరికించాలి. లంగా హిందీ లహంగా, ఓణీ హిందీ ఓఢ్నీ. వాటికి ముందు పావడ, పరికిణీ ఉన్నాయి. లంగా ఓణీలను ఇప్పుడు ‘హాఫ్ శారీ’ అంటున్నారు. చీర అనే మాట సంస్కృతంలో గుడ్డపీలిక, నారబట్ట. అడవికి వెళ్లిన రాముడూ లక్ష్మణుడూ కట్టింది నారచీరలే. అంటే చీర మొదట ఆడవాళ్లకు మాత్రమే చెందిన మాట కాదు. అసలు బట్టకు ఆడ, మగ తేడా పెట్టింది కట్టుకునే తీరే తప్ప పేరు కాదు.

చీరల్లో వాయిల్, జార్జెట్ కూడా వచ్చి చేరాయి. వాయిల్ అంటే ఫ్రెంచ్‌లో మేలిముసుగు. జార్జెట్ అనేది ఫ్రెంచ్ దర్జీ జార్జెట్ ద లా ప్లాంట్ పేరు మీద వచ్చిందని చెబుతారు. గుడ్డల పేర్లలో ఒక ఆడమనిషి సొంత పేరు కనబడటం అరుదు. కనబడిన ఆ ఒక్కటీ పారిస్ దుకాణానిది.

నరసాపురానికి లేసు వచ్చింది

మడపొల్లం వ్యాపారం ముగిసిన కొద్దికాలానికే ఆ ప్రాంతానికి మరో ఇంగ్లిష్ మాట వచ్చింది. అదే లేసు. 1830ల చివర నుంచి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో క్రైస్తవ మిషనరీలు పనిచేశారు. వారి ద్వారా 19వ శతాబ్దంలో కొక్కెం సూదితో దారం అల్లే క్రోషే పని స్థానిక స్త్రీలకు అబ్బింది. క్రోషే అంటే ఫ్రెంచ్‌లో చిన్న కొక్కెం అనే అర్థం. మొదట క్రైస్తవంలోకి మారిన పేద స్త్రీలకు ఆధారంగా మొదలైన ఈ పని తర్వాత ఇతర కులాల ఇళ్లలోకి వెళ్లింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇది ఇంటింటి పనైంది. టేబుల్ గుడ్డలు, దుస్తుల అంచులు, కాలర్లు యూరప్‌కు, అమెరికాకు ఎగుమతయ్యాయి.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల మీద చేసిన పరిశోధన 1982లో ‘నరసాపురం లేసు అల్లేవారు’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఇంగ్లిష్‌లో పుస్తకంగా వచ్చింది. ఆమె తేల్చిన విషయం సూటిగా ఉంటుంది. ఈ స్త్రీలు ప్రపంచ మార్కెట్ కోసం రోజూ గంటల తరబడి పనిచేస్తున్నారు. అయినా వాళ్లను శ్రామికులుగా ఎవరూ లెక్కించరు. గృహిణులు ఖాళీ సమయంలో చేసుకునే పని అంటారు. ఆ ఒక్క మాటతో కూలి తగ్గుతుంది. పనిగంటల లెక్క ఉండదు. సంఘం పెట్టుకునే ఆలోచన రాదు. ముడిసరుకు ఇచ్చి, అల్లిన ముక్కలు పట్టుకెళ్లే మధ్యవర్తులు, ఎగుమతిదారులు మగవాళ్లు. అల్లే చేతులు ఇళ్లకే పరిమితం. ఒక్కొక్కరు ఒక్కో భాగం అల్లితే, మరొకరు వాటిని అతుకుతారు. కాబట్టి తన చేతిపని చివరికి ఏ వస్తువైందో, ఎంతకు అమ్ముడైందో చాలామందికి తెలియదు.

రాట్నం వడికిన ఆడవాళ్ల కథే మళ్లీ ఇది. పని ఉంది, పనికి డబ్బు ఉంది, డబ్బు చేరే దారిలో ఆమె చివర ఉంది. ఒకచోట వృత్తి పేరు ఎగతాళిగా మారితే, ఇంకోచోట వృత్తికి పేరే పెట్టకుండా ఖాళీ సమయం అన్నారు.

పేరు మీద హక్కు

మడపొల్లం కాలంలో పేరుకు రక్షణ లేదు. గోదావరి గుడ్డ పేరును లాంకషైర్ మిల్లు యజమాని తన సరుకు మీద ముద్రించుకుంటే అడిగేవారు లేరు. ఆ పేరుకు ఉన్న విలువ ఆ ఊరికి ఒక్క పైసా తేలేదు. భారతదేశం 1999లో భౌగోళిక గుర్తింపు చట్టం చేసింది. 2003 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఫలానా ప్రాంతపు వస్తువు పేరును ఆ ప్రాంతం బయట తయారైన సరుకుకు పెట్టకూడదని అది చెబుతుంది. ఉప్పాడ జాందానీ చీరలు, మచిలీపట్నం కలంకారీ, తేలియా రుమాలు ఈ గుర్తింపు పొందాయి. 2024లో నరసాపురం క్రోషే లేసు కూడా ఆ జాబితాలో చేరింది. ఊరి పేరును గుడ్డకు ఇచ్చి పోగొట్టుకున్న మాధవాయిపాలెం పక్కనే, రెండు శతాబ్దాల తర్వాత, ఊరి పేరుకు చట్టం కాపలా పెట్టింది.

అయితే ఈ చట్టం కాపాడేది ఊరి పేరును, వస్తువు నాణ్యతను. వెంటనే కూలి పెంచే శక్తి దానికి లేదు. గుర్తింపు వచ్చాక అసలు వాడకందారుగా నమోదయ్యే అవకాశం తయారీదారులకు ఉంటుంది. ఆ నమోదులో ఎగుమతిదారులే మిగిలితే, లేసు మీద నరసాపురం పేరు ఉంటుంది కానీ అల్లినామె పాత కూలికే అల్లుతుంది. అల్లే స్త్రీలు, వారి సంఘాలు నేరుగా నమోదై, ముక్కకు ధర నిర్ణయించే చోట కూర్చుంటే ఆ పేరు విలువలో కొంతైనా వారికి చేరుతుంది.

మడపొల్లం అనే మాట ఊరికి మిగిల్చింది నిఘంటువులో ఒక వరుస. లేసు అనే మాట ఏం మిగులుస్తుందో నమోదు పుస్తకంలో ఎవరి పేర్లు రాస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.